ముఖశుద్ధి – వార్ధక్యంలో జ్ఞాపకశక్తి

ప్రాతఃకాలంలో నిద్ర మేల్కొన్న గృహస్థు దైవస్మరణ, శౌచం ముగించిన పిమ్మట స్నానానికి ముందు ఆచరించవలసినది దంతధావనం. ధర్మశాస్త్రకారులు దీనిని ఆచారంలో చేర్చారు; వైద్యశాస్త్రకారులు దినచర్యలో చేర్చారు. పాచినోటితో జపం చేయరాదు, మంత్రం ఉచ్చరించరాదు, తీర్థం పుచ్చుకోరాదు అని మన ఇండ్లలో పెద్దలు నేటికీ చెబుతూనే ఉన్నారు. ఈ నియమం శుద్ధికి మాత్రమే సంబంధించినదని చాలామంది భావన. అయితే కొన్ని దశాబ్దాలుగా ఆధునిక వైద్యులు మరొక ప్రశ్నను పరిశీలిస్తున్నారు. నోటి ఆరోగ్యానికి, వార్ధక్యంలో సంభవించే మతిభ్రంశానికి సంబంధం ఉన్నదా అన్నదే ఆ ప్రశ్న.

వైద్యం నా శాస్త్రం కాదు. వ్యాకరణ తర్కశాస్త్రాలను నలుబది సంవత్సరాలు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడను. అయితే ఆలయానికి వచ్చే భక్తులలో, వృద్ధులైన తల్లిదండ్రులను చేయిపట్టి నడిపించుకొని వచ్చేవారు నానాటికీ పెరుగుతున్నారు. “పండ్లు సరిగా తోముకోకపోతే మతి పోతుందట, నిజమేనా శాస్త్రిగారూ?” అని వారిలో పలువురు నన్ను అడిగారు. “వేపపుల్ల వాడితే ఆ వ్యాధి దరిచేరదట కదా?” అని అడిగినవారూ ఉన్నారు. మొదటివారి మాటలో భయం ఉన్నది, రెండవవారి మాటలో అతివిశ్వాసం ఉన్నది. ఉభయులకూ సమాధానం చెప్పదలచి, తెలిసిన వైద్యులను అడిగి, ప్రకటితమైన విషయాలను పరిశీలించి ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

మతిమరపు వేరు, మతిభ్రంశం వేరు

వయసు పైబడినవారు కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం, పరిచితుని పేరు వెంటనే స్ఫురించకపోవడం సహజం. కొంతసేపటికి ఆ సంగతి గుర్తుకు వస్తుంది. కానీ కళ్ళజోడు ఎందుకో తెలియకపోవడం, నిత్యం నడిచే వీధిలో ఇంటిదారి తప్పడం, అప్పుడే భోజనం చేసి ఇంకా వడ్డించలేదనడం, కన్నబిడ్డను పోల్చుకోలేకపోవడం సహజం కాదు. అది వ్యాధిలక్షణం. దీనిని వైద్యులు డిమెన్షియా అంటారు. దీనికి మూలమైన వ్యాధులు అనేకం. వాటిలో అల్జీమర్స్ వ్యాధి ప్రధానమైనది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో ప్రపంచంలో 5.7 కోట్ల మంది ఈ స్థితిలో ఉన్నారు. మన దేశంలో అరువది ఏండ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, ఇది ఉన్నదని 2023లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసినది. ప్రతి పదమూడు, పద్నాలుగు మంది వృద్ధులలో ఒకరన్నమాట. కనుక ఇది ఎక్కడో దూరాన ఉన్న విషయం కాదు. మన బంధువర్గంలో ఎవరో ఒకరి ఇంట ఉన్న విషయమే.

ప్రాచీనుల విధి

వాగ్భటుడు అష్టాంగహృదయంలో సూత్రస్థానం రెండవ అధ్యాయాన్ని దినచర్యకు కేటాయించి, ఆరంభంలోనే దంతధావనాన్ని విధించాడు. మర్రి, జిల్లేడు, చండ్ర, కానుగ, మద్ది మొదలైన వాటి పుల్లలు గ్రాహ్యం. పుల్ల పన్నెండు అంగుళాల పొడవు ఉండవలెను. ఇక్కడ అంగుళం అనగా వ్రేలి వెడల్పు. నేటి కొలబద్దలోని అంగుళం కాదు. లావు చిటికెనవ్రేలి కొనంత ఉండవలెను. కొనను నమిలి కుంచెవలె మెత్తగా చేసుకొని, చిగుళ్ళకు బాధ కలుగకుండా తోమవలెను. ఉదయమే కాక భోజనానంతరం కూడ తోమవలెనన్నాడు. చరకుడు సైతం రెండు వేళలా దంతధావనం చేయుమన్నాడు. సుశ్రుతుడు చేదు పుల్లలలో వేపను, వగరు పుల్లలలో చండ్రను, కారపు పుల్లలలో కానుగను శ్రేష్ఠాలుగా ఎన్నుకొన్నాడు. నాలుకను గీయుటకు బంగారం, వెండి, రాగి మొదలైన లోహాల బద్దలను చరకుడు చెప్పాడు. జ్వరం, దగ్గు, నోటిపూత, ముఖవాతం ఉన్నవారు పుల్ల వాడరాదన్న నిషేధం కూడ ఉన్నది.

ఈ ప్రకరణాలలో చెప్పిన ఫలాలు దుర్గంధం పోవడం, నోటి మాలిన్యం తొలగడం, అన్నంపై రుచి కలగడం. మతిభ్రంశం రాదన్న ఫలశ్రుతి అక్కడ లేదు. లేని ఫలశ్రుతిని మనం చేర్చడం ఋషులకు గౌరవం కాదు. వారు చెప్పినది చెప్పినంతవరకే ఎంతో విలువైనది.

నేటి పరిశోధనలు

తోమని పండ్లపై పాచి పేరుకొంటుంది. అది గట్టిపడి గారగా మారుతుంది. గార క్రింద చేరిన సూక్ష్మజీవుల వలన చిగుళ్ళు వాచి, తోమినప్పుడు రక్తం కారుతుంది. క్రమంగా చిగురు పంటిని వదలి, మధ్య సందులు ఏర్పడి, పంటిని పట్టి ఉంచే ఎముక కరగి, పండ్లు కదలి ఊడిపోతాయి. ఇది చాలాకాలం నొప్పి లేకుండానే సాగుతుంది. కనుకనే జనులు దీనిని లెక్కచేయరు. చిగుళ్ళ వాపు దీర్ఘకాలం ఉన్నచో ఆ తాపం రక్తం ద్వారా దేహమంతటా ప్రభావం చూపగలదని, మెదడుకు కూడ హాని చేయవచ్చునని వైద్యుల ఊహ. పండ్లు ఊడినవారు గట్టి ఆహారం, కూరగాయలు, పప్పుగింజలు మానివేయడం వలన పోషణ తగ్గుతుందన్నది మరొక మార్గం.

ఈ ఊహకు ఆధారాలు పలుచోట్ల లభించినవి. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 75 నుండి 98 ఏండ్ల వయసు గల 144 మంది క్రైస్తవ సన్యాసినుల దంతవివరాలను పరిశీలించి 2007లో ప్రకటించారు. ఒకే ఆశ్రమ నియమాలతో జీవించిన వారిలో, పది పండ్ల కంటె తక్కువ మిగిలినవారికి మతిభ్రంశం అధికంగా కనిపించినది. కాలిఫోర్నియాలోని ఒక వృద్ధుల నివాసంలో 5,468 మందిని 1992 నుండి పదునెనిమిది సంవత్సరాలు గమనించారు. స్త్రీలలో రోజుకు మూడుసార్లు తోముకొనే వారితో పోల్చగా, ప్రతిదినం తోముకోని వారికి మతిభ్రంశం కలిగే అవకాశం 65 శాతం అధికంగా ఉన్నట్లు తేలినది. తైవాన్‌లో 2017లో వెలువడిన అధ్యయనంలో, దీర్ఘకాలిక చిగుళ్ళవ్యాధి పది సంవత్సరాలు ఉన్నవారికి అల్జీమర్స్ వచ్చే అవకాశం సుమారు 1.7 రెట్లు కనిపించినది. 2022లో ఫిన్లాండ్ పరిశోధకులు 47 అధ్యయనాలను క్రోడీకరించి, చిగుళ్ళ ఆరోగ్యం చెడినవారికి మతిభ్రంశ అవకాశం 21 శాతం అధికమని చెప్పారు.

2019లో మరొక విశేషం వెలువడినది. అల్జీమర్స్‌తో మరణించినవారి మెదడులో పోర్ఫైరోమోనాస్ జింజివాలిస్ అనే చిగుళ్ళవ్యాధి క్రిమి జాడలు, అది స్రవించే విషపదార్థాలు కనిపించినవని కొందరు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మతిభ్రంశానికి మూలం దొరికినదని ఆనాడు పత్రికలు వ్రాసినవి.

కార్యకారణ విచారం

ఇక్కడ తర్కశాస్త్రం మనకు ఉపకరిస్తుంది. ఆంధ్రుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం మాకు బాలపాఠం. ఒకటి మరొకదానికి కారణం అనవలెనంటే, అది కార్యానికి ముందు తప్పక ఉండవలెను, అన్యథాసిద్ధం కాకూడదు. కుండ తయారు కావడానికి మట్టి, కుమ్మరి, చక్రం, దండం కారణాలు. మట్టిని మోసుకొని వచ్చిన గాడిద కూడ కుండకు ముందే ఉన్నది. అయినను గాడిదను ఎవరూ కుండకు కారణం అనరు. ఆ గాడిద లేకున్నను మట్టి మరొక విధంగా వచ్చేది. అట్లు కార్యంతో పాటు కనిపిస్తూ, దానికి అవసరం కానిది అన్యథాసిద్ధం.

మతిభ్రంశ విషయంలో చిగుళ్ళవ్యాధి కుమ్మరియా, గాడిదయా? మొదట పూర్వాపరాలను చూడవలెను. అల్జీమర్స్‌లో మెదడులోని మార్పులు లక్షణాలు బయటపడడానికి పదిహేను, ఇరువది ఏండ్ల ముందే ప్రారంభమవుతాయి. ఆ కాలంలో మనిషి శ్రద్ధ సన్నగిల్లి పండ్లు తోమడం, వైద్యుని వద్దకు వెళ్ళడం మానివేయవచ్చును. అప్పుడు చిగుళ్ళవ్యాధి కార్యమవుతుంది, మతిభ్రంశం కారణమవుతుంది. ఫిన్లాండ్ పరిశోధకులు సైతం ఈ హెచ్చరిక చేశారు. రెండవది, మధుమేహం, పొగాకు, పేదరికం, చదువు లేమి ఈ రెండు వ్యాధులతోనూ ముడిపడి ఉన్నవి. రెండు కొమ్మలు ఒకే మ్రానివి కావచ్చును.

మూడవది ప్రయోగ పరీక్ష. 2019 నాటి వార్తకు ఆధారమైన ఆ క్రిమివిషాన్ని అణచే మందును అల్జీమర్స్ రోగులు ఆరువందల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో పరిశీలించారు. 2021లో ఫలితం వచ్చినది. మందు వలన రోగుల జ్ఞాపకశక్తి గాని, నిత్యకృత్యాలు చేసుకొనే శక్తి గాని ఆశించినట్లు నిలువలేదు. సుప్రసిద్ధ వైద్యపత్రిక లాన్సెట్ నియమించిన నిపుణుల మండలి 2024లో మతిభ్రంశానికి నివారించదగిన పద్నాలుగు కారణాలను పేర్కొన్నది. చదువు లేమి, వినికిడి లోపం, దృష్టిలోపం, రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్ట్రాల్, పొగత్రాగడం, అధిక మద్యపానం, స్థూలకాయం, వ్యాయామం లేకపోవడం, తలకు గాయం, మనోవ్యాకులత, ఏకాంతవాసం, వాయుకాలుష్యం అందులో ఉన్నవి. దంతరోగం ఆ పట్టికలో లేదు.

కనుక సిద్ధాంతం ఇది. సంబంధం కనిపిస్తున్నది, కారణత్వం ఇంకను నిశ్చయం కాలేదు. పండ్లు తోముకొన్నవారికి మతి పోదని ఎవరైన హామీ ఇచ్చినచో నమ్మవద్దు. తల్లికి మతిభ్రంశం వచ్చినది ఆమె పండ్లు తోముకోకపోవడం వలననే అని ఎవరైన నిందించినచో అదీ నమ్మవద్దు. నోటిని శ్రద్ధగా చూసుకొన్న పండితులకూ ఈ వ్యాధి వచ్చినది. అది వారి దోషం కాదు.

సందేహం ఉన్నచోట కర్తవ్యం

ఫలం సందిగ్ధమైనప్పుడు శ్రమ ఎందుకని అడుగవచ్చును. సందేహం లేని ఫలాలు అనేకం ఉన్నవి గనుక. చిగుళ్ళవ్యాధి, మధుమేహం ఒకదానినొకటి పెంచుతాయి. చిగుళ్ళకు చికిత్స చేసినచో చక్కెర అదుపునకు కొంత తోడ్పడుతుంది. మధుమేహమేమో పై పద్నాలుగు కారణాలలో ఒకటి. జపాన్‌లో పదకొండు వృద్ధాశ్రమాలలో రెండు సంవత్సరాలు నడిపిన అధ్యయనం 1999లో వెలువడినది. సంరక్షకులు శ్రద్ధగా నోరు శుభ్రపరచినవారిలో 11 శాతం మందికి, అట్లు చేయనివారిలో 19 శాతం మందికి న్యుమోనియా వచ్చినది. నోటిలోని మాలిన్యం ఊపిరితిత్తులలోనికి జారడమే అందుకు హేతువు. మతిభ్రంశం ముదిరిన వృద్ధులను హరించే వ్యాధులలో న్యుమోనియా ముఖ్యమైనది.

వ్యాకరణం చదివినవానిగా నేను గమనించిన విషయం ఒకటి చెబుతాను. తవర్గం, లకారం, సకారం దంత్యాలు. ముందుపండ్లు పోయినవారికి ఈ అక్షరాలు స్పష్టంగా పలుకవు. నలుగురిలో మాట్లాడడానికి జంకుతారు, పారాయణకు రావడం మానుతారు, విందులకు రారు, గదిలో ఒంటరిగా కూర్చుంటారు. ఏకాంతవాసం కూడ పై పట్టికలో ఉన్నదే. పండ్లు ఊడినవారిలో కట్టుడు పండ్లు పెట్టించుకొన్నవారికి మతిభ్రంశ అవకాశం చెప్పుకోదగినంతగా పెరగలేదని 2021లో పద్నాలుగు అధ్యయనాలను క్రోడీకరించినవారు కనుగొన్నారు. కనుక “ఈ వయసులో నాకు పండ్లెందుకు?” అనే పెద్దల మాటను పిల్లలు అంగీకరించరాదు.

ఉపవాస దినాలలో ఏమి చేయవలెను?

పాడ్యమి, షష్ఠి, నవమి, అమావాస్య తిథులలోను, ఏకాదశీ ఉపవాసంలోను, శ్రాద్ధదినంలోను దంతధావనం నిషిద్ధమని కొందరు నోరు శుభ్రపరచుకోవడమే మానుతున్నారు. ధర్మశాస్త్రం నిషేధించినది దంతకాష్ఠాన్ని, అనగా పుల్లను. ముఖశుద్ధిని కాదు. పుల్ల వర్జ్యమైన రోజున పన్నెండుసార్లు నీటితో పుక్కిలించవలెనని శాస్త్రం ప్రత్యామ్నాయం చూపినది. ఆకులతో తోముకొనడాన్నీ అంగీకరించినది. ఆ దినాలలో మెత్తని బ్రష్షు, నీరు మాత్రం వాడి శుభ్రపరచుకొన్నచో వ్రతానికి లోపం లేదని నా అభిప్రాయం. కుటుంబ సంప్రదాయం భిన్నమైనచో కనీసం పన్నెండు పుక్కిళ్ళు విడువరాదు.

నిత్యం పాటించవలసినవి

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా రాత్రి పడుకొనే ముందు, మెత్తని బ్రష్షుతో, ఫ్లోరైడు ఉన్న పేస్టుతో రెండు నిమిషాలు తోమవలెను. వేపపుల్ల వాడేవారు కొనను బాగా నమిలి మెత్తగా చేసుకొని వాడవలెను. ఇటుకపొడి, బొగ్గు, గరుకు ఉప్పు పంటిపై పొరను అరగదీస్తాయి; వాటిని మానడం మేలు. నాలుకను మృదువుగా గీసుకోవలెను. నూనె పుక్కిలింత బ్రష్షుకు తోడు కావచ్చును గాని బదులు కాదు. చిగుళ్ళ నుండి రక్తం వచ్చినచో తోమడం ఆపరాదు, దంతవైద్యుని కలవవలెను. నొప్పి లేకున్నను ఏడాదికి ఒకసారైనా చూపించుకొని గార తీయించుకోవలెను. గార తీసినచో పండ్లు వదులవుతాయన్నది అపోహ. రక్తం పలుచబడే మందులు వాడేవారు ఆ సంగతి దంతవైద్యునికి చెప్పవలెనే గాని, తమంత తాము మందు ఆపరాదు. వక్క నమిలే అలవాటు, పొగాకు లేకున్నను, నోటి క్యాన్సరుకు కారణమని 2004లోనే నిర్ధారణ అయినది. ప్రసాదంగా లభించిన తాంబూలం వేరు. నిత్యం దవడన ఉంచుకొనే వక్క వేరు.

కట్టుడు పండ్లను రాత్రి తీసి, బ్రష్షుతో కడిగి, మంచినీటిలో ఉంచవలెను. మరగిన నీరు పోయరాదు, ఆకారం చెడుతుంది. యాత్రకు బయలుదేరేటప్పుడు వాటికి ఒక చిన్న డబ్బా వెంట ఉంచుకోవలెను. సత్రాలలో కాగితంలో చుట్టిపెట్టి పోగొట్టుకొనేవారిని నేను ఎందరినో చూశాను.

మతి తప్పినవారికి ముఖశుద్ధి

నాతో పాఠశాలలో చదివిన మిత్రుడొకరు వార్ధక్యంలో ఈ వ్యాధికి గురి అయ్యారు. కోడలు ఓర్పుతో అన్నం కలిపి నోటికి అందించేది. ఒక దశలో ముద్ద చూడగానే ఆయన తల త్రిప్పుకొనడం, పెట్టబోయిన చేతిని నెట్టివేయడం ప్రారంభించారు. వ్యాధి ముదిరినదని ఇంటివారు అనుకొన్నారు. దంతవైద్యుడు చూడగా క్రింది దవడలో విరిగిన పంటి మూలం చీముపట్టి ఉన్నది. దానిని తీసివేసిన కొన్ని రోజులకు ఆయన మరల భోజనం చేయసాగారు. జ్ఞాపకం తిరిగి రాలేదు. నొప్పి ఉన్నదని చెప్పుకొనే శక్తి పోయినదే గాని, నొప్పి తెలిసే శక్తి ఆయనకు పోలేదని ఆ రోజున అందరికీ అర్థమైనది.

అందుచేత వ్యాధి తొలిదశలోనే, రోగి సహకరించగల కాలంలోనే, దంతచికిత్సలన్నీ పూర్తి చేయించడం వివేకం. తరువాత సంరక్షకులు గమనించవలసిన గుర్తులు ఇవి: అన్నం వద్దనడం, ఒకవైపే నమలడం, చెంప పట్టుకొనడం, కట్టుడు పండ్లు పెట్టనీయకపోవడం, కారణం లేకుండ చికాకు పడడం. నోరు శుభ్రపరచేటప్పుడు ప్రతిదినం ఒకే వేళను, ఒకే చోటును పాటించవలెను. వారికి ఎదురుగా నిలిచి, మీరు తోముకొని చూపించినచో వారు అనుకరిస్తారు. బ్రష్షును వారి చేతికి ఇచ్చి, ఆ చేతిపై మీ చేయి ఉంచి నడిపించవచ్చును. ఒక్కొక్క మాటగా చెప్పవలెను. కూర్చుండబెట్టి చేయవలెను, పడుకోబెట్టి నోటిలో నీరు పోయరాదు. పండ్ల మధ్య వ్రేలు పెట్టరాదు. నిరాకరించినచో బలవంతం చేయక, కొంతసేపు ఆగి మరల ప్రయత్నించవలెను.

ఈ పని రోతగా తోచేవారికి ఒక మాట. శ్రీవైష్ణవ ఆరాధనాక్రమంలో స్నానాసన సమయంలో స్వామికి దంతకాష్ఠం, జిహ్వానిర్లేఖనం, గండూషం, ముఖప్రక్షాళనం సమర్పించే విధి ఉన్నది. ఏ మాలిన్యమూ అంటని భగవంతునికి ఈ ఉపచారాలను భక్తితో చేస్తున్నాము. మనకు పండ్లు రాని నాడు మన నోరు తుడిచిన తల్లికి, ఆమె తన చేతితో చేసుకోలేని నాడు అదే ఉపచారం చేయడం కూడ ఆరాధనలో భాగమే. ఆమె మనను పోల్చుకొన్నదా లేదా అన్నది ఈ సేవకు నియమం కాదు.

ఇంటికి చేరిన మరునాటి ఉదయం, మంచి వెలుతురులో, మీ ఇంటి పెద్దల అనుమతితో వారి నోటిని ఒకసారి చూడండి. చిగుళ్ళు ఎర్రబడి ఉన్నను, పన్ను కదులుతున్నను, కట్టుడు పండ్లు ఒరుసుకొని పుండు పడి ఉన్నను, ఆలస్యం చేయక దంతవైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళండి. స్వస్తి.